క్రిస్మస్ ముందు అమ్మతో విజయనగరంలో ఒక రోజు: పనులు ఏ వరసలో పెట్టుకోవాలి?

తామరకొలను · డిసెంబర్ 15, 2025 · రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లని వెంటబెట్టుకుని పట్నంలో పనులు చేయించుకొచ్చిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త సాయం చెయ్యండి.

మా అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. గజపతినగరం దగ్గర మా ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంటుంది. నేను విశాఖలో టీచర్ని. ఈ శనివారం, 20వ తేదీన, సెలవు పెట్టి అమ్మని విజయనగరం తీసుకెళ్దామనుకుంటున్నాను. క్రిస్మస్ లోపు మళ్లీ నాకు ఖాళీ దొరకదు. తమ్ముడికి నూర్పుళ్లు.

నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశారు. ఆయన పోయాక అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్, అదే బతికే ఉన్నామని రుజువు, ఇవ్వాలి కదా, వేలిముద్ర మూడుసార్లు పెట్టించినా మిషన్ తీసుకోలేదు. "మళ్లీ రండి" అన్నారు. ఈలోగా అమ్మకి జ్వరం వచ్చింది, నెల దాటిపోయింది. ఇప్పుడు పెన్షన్ ఆగిపోతుందేమోనని అమ్మకి ఒకటే టెన్షన్. రెండోది, అక్టోబర్ చివర్లో కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, కళ్లద్దాలు రాయించాలి. చెప్పులు అరిగిపోయాయి. పండక్కి తెల్లచీర, పిల్లలకి బట్టలు, కేకు ఆర్డర్. అరిసెల పిండి కూడా అక్కడే ఆడించుకొచ్చేయమని మరదలు అంటోంది.

అమ్మకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులు. పది నిమిషాలు మించి నిలబడలేదు. ఏది ముందు, ఏది వెనక? ఏది అసలు వదిలెయ్యాలి?

ఎత్తుబ్రిడ్జి · డిసెంబర్ 15 · రాత్రి 10:25

అమ్మా, నేను బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. కొన్నేళ్లు పెన్షన్ల సీటులోనే కూర్చున్నాను. ముందు మీ అమ్మగారికి ధైర్యం చెప్పండి. నవంబర్ దాటినంత మాత్రాన పెన్షన్ పోదు, ఆగుతుంది. సర్టిఫికెట్ అందాక ఆగిన డబ్బు కూడా కలిపి వేస్తారు. ఈ ఒక్క మాట ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి, ఆవిడ నిద్రపోతారు.

20వ తేదీ మూడో శనివారం. రెండో, నాలుగో శనివారాలే బ్యాంకులకి సెలవు కాబట్టి ఆ రోజు తెరిచే ఉంటుంది. మొదటి పని అదే పెట్టుకోండి. తలుపు తీసే వేళకి అక్కడుంటే కుర్చీ దొరుకుతుంది.

వేలిముద్ర పడకపోవడం ఆవిడ తప్పు కాదు, మిషన్ తప్పూ కాదు. నలభై ఏళ్లు ఊడ్పులు, కోతలు, అంట్లు చేసిన చేతులకి గీతలు అరిగిపోతాయి. చలికాలం చర్మం పొడిబారితే ఇంకా కష్టం. అందుకే 2021లో ముఖం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ ఉండాలి. పీపీవో (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబర్, ఖాతా నంబర్, ఆధార్ దగ్గర పెట్టుకోండి. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లద్దాలు తీయించి, మెల్లగా కళ్లు ఆర్పమనండి. పెన్షన్ ఇచ్చే బ్యాంకు పేరు జాగ్రత్తగా ఎంచుకోండి. చాలామందివి అక్కడే తిరిగొచ్చేస్తాయి. కంటిపాప చూసే మిషన్ కూడా ఉంటుంది గానీ, ఆపరేషన్ అయిన కన్ను కాబట్టి నేనైతే దాని జోలికి పోను.

ఇవేవీ కుదరకపోతే కాగితం ఫారం అడగండి. పెన్షనర్ స్వయంగా వచ్చి ఆఫీసర్ ఎదుట సంతకం పెడితే ఆ కాగితం ఇప్పటికీ చెల్లుతుంది. "మిషన్ తీసుకోవడం లేదు" అన్న చోట మాట ఆపేయకండి, "అయితే ఫారం ఇవ్వండి" అనండి. నవంబర్‌లో మీకు ఆ ఫారం ఇవ్వాల్సింది. ఇవ్వకపోవడం నాకు బాధగా ఉంది.

ఇంకొకటి. ఫ్యామిలీ పెన్షన్ వాళ్లని మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని అడుగుతారు. ఆ ప్రశ్న అందరికీ ఒకటే. ఆవిడకి ముందే చెప్పి ఉంచండి. అక్కడికక్కడ వింటే కొందరు చాలా నొచ్చుకుంటారు. నా సీటు ఎదుట ఏడ్చినవాళ్లున్నారు.

పీపీవోలో ఆవిడ పుట్టిన తేదీ ఉందో లేదో కూడా చూడండి. ఎనభై నిండితే కేంద్ర పెన్షన్ మీద ఇరవై శాతం అదనంగా వస్తుంది. తేదీ లేకపోతే అది రాదు. రెండేళ్లు ముందే సరిచేయించుకుంటే మంచిది.

గరివిడి_గుంట · డిసెంబర్ 15 · రాత్రి 10:50

అక్కా, ఇద్దరికీ ఆధార్ ఒరిజినల్ పట్టుకోండి. ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకి జీరో టికెట్, అంటే ప్రయాణం ఉచితం. కానీ శనివారం పొద్దున్న సాలూరు, పార్వతీపురం బస్సులు నిండిపోయి వస్తాయి. మొదటి బస్సులో సీటు లేకపోతే ఎక్కకండి, వెనకది వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోవాడు దారిలో ఎక్కడో దింపి ఇక్కడే ఎక్కెయ్యండి అంటాడు, ఒప్పుకోకండి. కాంప్లెక్స్‌కే, అదే ఆర్టీసీ బస్టాండ్‌కే, వెళ్లి ఎక్కండి. బస్సు బయల్దేరేది అక్కడే కాబట్టి కూర్చోవడానికి సీటు ఉంటుంది. ఐదున్నరకే చీకటి పడిపోతోంది, చలి కూడా. నాలుగుంబావుకి కాంప్లెక్స్‌లో ఉండేలా చూసుకోండి.

నాగావళి_ఒడ్డు · డిసెంబర్ 16 · ఉదయం 6:15

పైన చెప్పినవన్నీ మంచి మాటలు. కానీ ఆడవాళ్లం చెప్పుకోవలసిన మాట ఒకటి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను. మీ అమ్మగారు ఆ రోజు పొద్దున్న నుంచి నీళ్లు తాగరు. మీకు చెప్పరు కూడా.

మా అత్తగారితో నాకు ఇది అనుభవం. పోయినేడాది శ్రీకాకుళంలో ఇలాగే పనుల మీద తిరుగుతున్నాం. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఆటో దిగగానే ఆవిడ నా భుజం మీద వాలిపోయారు. నాలుక అతుక్కుపోయి ఉంది. పొద్దున్న టీ తప్ప గొంతులో చుక్క పడలేదు. "ఎందుకత్తా" అంటే, "రోడ్డు మీద ఎక్కడికెళ్తామమ్మా" అన్నారు. డెబ్బై ఏళ్లుగా సంతకి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా ఆవిడ చేసింది అదేనట. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అంతకుముందు పదిసార్లు ఆవిడతో బయటికి వెళ్లాను, ఒక్కసారీ అడగలేదు.

అందుకని ఆ రోజు మీ దారిని దుకాణాల లెక్కన కాదు, బాత్‌రూమ్‌ల లెక్కన గీసుకోండి. బస్సు దిగగానే కాంప్లెక్స్‌లో డబ్బులిచ్చి వెళ్లేది ఉంటుంది. బ్యాంకులో అడగండి, పెద్దావిడ అంటే కాదనరు. కళ్ల డాక్టర్ దగ్గర తప్పకుండా ఉంటుంది. మధ్యాహ్నం భోజనానికి హోటల్ ఎంచుకునేటప్పుడు మెనూ కన్నా ముందు అక్కడ కుర్చీలా కూర్చునే బాత్‌రూమ్ ఉందో లేదో కనుక్కోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద కూర్చుంటే లేవలేరు. బయల్దేరే ముందే ఆవిడకి వరసగా చెప్పండి, "అమ్మా ఇక్కడ ఒకటుంది, తర్వాత ఇక్కడ, తర్వాత ఇక్కడ" అని. అప్పుడు తాగుతారు. ఒట్టినే తాగు తాగు అంటే తాగరు.

సంచిలో ఒక జత చీర, లంగా పెట్టుకోండి. మీదే అన్నట్టు పెట్టుకోండి, ఆవిడ కోసం అని చెప్పకండి. బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేవి కొన్ని ఉంటాయి. అలాంటిదైతే ఆ రోజుకి వేళ మార్చుకోవచ్చా అని డాక్టర్ని ఫోన్‌లో అడగండి. మనంతట మనం మానిపించకూడదు.

షుగర్ మాత్ర వేసుకున్నాక అన్నం వేళ తప్పనివ్వకండి. చెమటలు, వణుకు, మాట తడబడటం కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే ఇవ్వండి. ఆ చిన్న పొట్లం మీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉండాలి.

దాసన్నపేట · డిసెంబర్ 16 · ఉదయం 8:05

నాది వేరే అభిప్రాయం. ఇంత కష్టపెట్టి ఆవిడని తీసుకురావడం దేనికి? పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి లైఫ్ సర్టిఫికెట్ చేస్తాడు, డెబ్బై రూపాయలు. చీరలు మీరు కొని పట్టుకెళ్లొచ్చు. చెప్పులకి కాగితం మీద పాదం గీయించుకుంటే సరి. నేను విజయనగరంలోనే ఉంటాను కాబట్టి చెప్తున్నా, పండగ ముందు శనివారం గంటస్తంభం బజారు దగ్గర మామూలు మనిషే నడవలేడు. బండ్లు, తోపుడుబళ్లు, జనం. మా నాన్నకి ఇలాంటి రద్దీలోనే స్కూటర్ తగిలి తుంటి విరిగింది. ఆయన మళ్లీ లేవలేదు. భయంతోనే రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు.

నాగావళి_ఒడ్డు · డిసెంబర్ 16 · ఉదయం 9:30

మీ నాన్నగారి విషయం చదివి మనసు కలుక్కుమంది అండీ. మీ భయం నిజం. అయినా ఒకటి అడుగుతాను. పనులన్నీ మనమే చేసి పట్టుకెళ్లి ఇస్తే ఆవిడ ఏడాదిలో గడప దాటేది ఆసుపత్రికే కదా? మా అత్తగారు ఆ రోజు కళ్లు తిరిగి పడ్డా, నెల తర్వాత మళ్లీ "బజారుకెళ్దామా" అని అడిగింది ఆవిడే. నేను తీసుకెళ్లాను. ఈసారి నీళ్లు తాగించి తీసుకెళ్లాను.

ఎత్తుబ్రిడ్జి · డిసెంబర్ 16 · ఉదయం 10:10

దాసన్నపేట గారు చెప్పిన పోస్ట్‌మ్యాన్ దారి మంచిదే, నవంబర్‌లోనే గుర్తు రావలసింది. వచ్చే ఏడాదికి రాసిపెట్టుకోండి. డెబ్బై దాటినవాళ్లకి ఇంటి దగ్గరే బ్యాంకు సేవలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పింది, అడిగితే అదీ ఉంటుంది. కాకపోతే పుట్టిన తేదీ విషయం ఉంది కనుక ఈసారికి బ్యాంకుకి వెళ్లడమే మేలు. గంటస్తంభానికి మాత్రం మధ్యాహ్నం రెండు లోపు వెళ్లి వచ్చేయండి. సాయంత్రం జనం ఎక్కువ.

కంటిచూపు · డిసెంబర్ 16 · మధ్యాహ్నం 1:20

నేను కళ్ల ఆసుపత్రిలో అద్దాల పరీక్ష చేస్తాను. ఆపరేషన్ అయి నెలన్నర దాటింది కాబట్టి ఇప్పుడు నంబర్ రాయించుకోవడం సరైన సమయమే. అంతకుముందు రాయిస్తే నంబర్ మారిపోతుంది.

ఒక జాగ్రత్త. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దం, అదే కింద గీత ఉండేది, ఇచ్చేస్తామంటారు. ఎప్పటినుంచో అలవాటున్నవాళ్లకి పర్వాలేదు. కొత్తగా పెట్టుకునే పెద్దవాళ్లు మెట్టు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూస్తారు, మెట్టు మసకగా కనిపించి పడతారు. బైబిలు చదవడానికి ఒక జత, తిరగడానికి ఒక జత విడిగా చేయించండి. మామూలు ఫ్రేములైతే ఖర్చు పెద్దగా పెరగదు. అద్దాలు అదే రోజు చేతికి రావు, కొరియర్‌లో పంపుతారేమో ముందే అడగండి. కంటి పరీక్షలో చుక్కలు వేస్తే మూడు నాలుగు గంటలు మసకగా ఉంటుంది. చుక్కలు లేకుండా నంబర్ ఒక్కటే చూడమని చెప్పండి, లేకపోతే మిగతా పనులేవీ సాగవు.

సాలూరు_ఘాటు · డిసెంబర్ 16 · సాయంత్రం 7:00

అరిసెల పిండి మాత్రం విజయనగరంలో ఆడించకండి. తడిపిండి అది. రాత్రంతా నానిన బియ్యం వడేసి ఆడించి, తడి ఆరకుండానే పాకంలో వెయ్యాలి. సంచిలో పెట్టుకుని సాయంత్రం దాకా తిరిగితే పొడిబారి అరిసె విరిగిపోతుంది, నూనె తాగేస్తుంది. మీ ఊరి మరలోనే ఆడించండి. గులాబీ పువ్వుల అచ్చు కావాలంటే మాత్రం విజయనగరంలో దొరుకుతుంది. పాత ఇనప అచ్చు ఇంట్లో ఉంటే దాన్నే వాడండి, కొత్తది రెండు మూడు వాయిలు అంటుకుంటుంది.

చీర సంగతి. కొత్త జాకెట్టు కుట్టించే ఆలోచన వదిలెయ్యండి. టైలర్లు పదో తేదీకే ఆర్డర్లు ఆపేస్తారు. పాత తెల్ల జాకెట్టు ఒకటి సంచిలో వేసుకెళ్లి దానికి సరిపోయే అంచు చూసుకోండి. మా సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్లం, మీ వైపు ఎక్కువమంది బాప్టిస్టులు, అయినా క్రిస్మస్ పొద్దున్న తెల్లచీర దగ్గర అందరం ఒకటే.

అన్నట్టు, అమ్మగారికి ఏం కావాలో అడిగారా? మీరు రాసిన దాంట్లో ఆవిడ అడిగిన పని ఒక్కటీ కనిపించలేదు నాకు.

తామరకొలను · డిసెంబర్ 17 · రాత్రి 9:15

అందరికీ చేతులెత్తి దండం. సాలూరు అక్కా, మీ చివరి మాట నిన్న రాత్రంతా నన్ను పడుకోనివ్వలేదు. నిజమే, నేను అడగలేదు. చీర కావాలా, చెప్పులు కావాలా అని అడిగాను. "నాకేటొద్దమ్మీ" అంది, అక్కడితో ఊరుకున్నాను.

ఈరోజు మళ్లీ ఫోన్ చేసి, "అమ్మా, విజయనగరం వెళ్తే నీకు ఏం చెయ్యాలనుంది?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రంగు కాగితం దొరుకుద్దేటి?" అంది. "మీ నాన్న చుక్క కట్టీవోడు కదా, ఆ కాగితం."

నాన్న రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్లు ఏటా వెదురుతో నక్షత్రం కట్టేవారు. నాకు లీలగా గుర్తుంది. లోపల బల్బు పెట్టి చూరుకి వేలాడదీసేవారు. ఆయన పోయాక ఎవరూ కట్టలేదు. తమ్ముడు బజారులో దొరికే ప్లాస్టిక్ లైట్ల నక్షత్రం తెస్తాడు. అమ్మ ఒక్కసారీ దాని గురించి ఏమీ అనలేదు, ఇన్నేళ్లూ.

వీలైతే ఆ క్వార్టర్స్ కూడా ఒకసారి చూడాలని ఉందట. ఆ కాగితం ఇప్పుడు దొరుకుతుందా? కట్టడం ఎవరికైనా తెలుసా?

పొందూరు_నూలు · డిసెంబర్ 17 · రాత్రి 10:30

నాకు తెలుసు. మా తాత కట్టేవాడు, నేను ఇప్పటికీ మా గుడికి, అదే చర్చికి, కడతాను.

పచ్చి వెదురు కావాలి. ఎండిన వెదురు వంచితే చిట్లుతుంది. తట్టలు, చేటలు అల్లేవాళ్ల దగ్గర అడిగితే చీల్చి ఇస్తారు. చిటికెన వేలిలో సగం వెడల్పు బద్దలు పది, అన్నీ ఒకే పొడవు. ఐదింటితో ఒక చుక్క, ఇంకో ఐదింటితో ఇంకో చుక్క. బద్ద మీద బద్ద ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోనిచ్చి మొనల దగ్గర నూలుదారంతో బిగించాలి. రెండు చుక్కల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు మొనలూ కలిపి కట్టెయ్యండి. తర్వాత మధ్యలో బద్దలు దాటుకునే ఐదు చోట్ల అరచేతి పొడవు పుల్లలు అడ్డం పెట్టి రెండింటినీ ఎడం చెయ్యాలి. అప్పుడు పొట్ట వస్తుంది, బల్బు అందులోకి వెళ్తుంది. వెనకవైపు ఒక ముక్కకి కాగితం అంటించకుండా వదిలెయ్యండి, వేడి పోవడానికి, బల్బు మార్చడానికి. ఎల్‌ఈడీ బల్బే పెట్టండి, పాత బల్బు వేడికి కాగితం కాలిపోతుంది.

జిగురు మైదాతో కాచుకోండి. కాగితం అతికించాక చేత్తో నీళ్లు పల్చగా చల్లి నీడలో ఆరనిస్తే బిగుసుకుంటుంది. అది మామూలు గాలిపటం కాగితానికే. అద్దంలా మెరిసే గ్లాసు కాగితమైతే నీళ్లు వద్దు.

తెల్లచీర అన్నారు కాబట్టి ఒక మాట. విజయనగరంలో ఖాదీ దొరికితే మా పొందూరు నేత ఒకసారి ఆవిడ చేతికి ఇచ్చి చూడండి. కొండపత్తి తీసి, వాలుగ చేప దవడ ఎముకతో గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వి, చేత్తో వడికిన నూలు అది. చలికి వెచ్చగా, ఎండకి చల్లగా ఉంటుంది. ఖరీదు ఎక్కువే. కొనకపోయినా పర్వాలేదు. పొలం పని చేసిన చేతులకి ఆ బట్ట తెలుస్తుంది.

తామరకొలను · డిసెంబర్ 21 · రాత్రి 8:50

నిన్న వెళ్లొచ్చాం. ఈరోజు గుడి అయ్యాక అమ్మ పడుకుంది, అందుకని ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న మొదటి బస్సు వదిలేశాం. రెండోదాంట్లో ముందు సీటు దొరికింది. గొట్లాం దాటే దాకా మంచు. అమ్మ జీరో టికెట్టుని చీర కొంగున ముడేసుకుంది. కాంప్లెక్స్‌లో దిగగానే బాత్‌రూమ్‌కి తీసుకెళ్లి, తర్వాత ఎక్కడెక్కడ ఉన్నాయో వరసగా చెప్పాను. నాగావళి అక్కా, మీరు చెప్పినట్టే అయింది. నా మొహంలోకి ఒకసారి చూసి, సీసా తీసుకుని సగం తాగేసింది. నలభై ఎనిమిదేళ్ల నా బతుకులో అమ్మ బయట నీళ్లు తాగడం నేను చూసిన గుర్తు లేదు.

బ్యాంకులో మొదట వేలిముద్రే పెట్టమన్నారు. పడలేదు. ముఖం యాప్ తమ దగ్గర లేదన్నారు, నా ఫోన్‌లో చేస్తే రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. "సోమవారం రండి" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. నేను లేచి, "కాగితం ఫారం ఇవ్వండి, ఆవిడ ఇక్కడే ఉన్నారు" అన్నాను. ఎత్తుబ్రిడ్జి గారూ, ఆ వాక్యం మీరు ఇవ్వకపోతే నేను వెనక్కి వచ్చేసేదాన్ని. లోపలి నుంచి ఒక మేడమ్ బయటికి వచ్చి అమ్మ కుర్చీ పక్కనే కూర్చుని ఫారం నింపారు. పెళ్లి ప్రశ్న దగ్గర ఆవిడే ఆగిపోయారు, ఎలా అడగాలో తెలియక. అమ్మకి ముందే చెప్పి ఉంచాను కాబట్టి తనే అంది, "ఆయన పేరే ఉంది తల్లీ నాకు, అదే రాసుకో." సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. పుట్టిన తేదీ పీపీవోలో లేదు, దానికి ఆధార్ నకలు తీసుకుని విడిగా దరఖాస్తు రాయించారు.

కళ్ల పరీక్ష అరగంటలో అయిపోయింది. రెండు జతలు. అద్దం పెట్టి చూపించగానే గోడ మీద క్యాలెండర్‌లో తేదీలు చదివింది, ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా అన్నీ. అద్దాలు 23కి వస్తాయన్నారు.

పన్నెండున్నరకి అన్నం. చెప్పులు తిన్న తర్వాతే కొన్నాం. మా ఫిజిక్స్ మేడమ్ చెప్పింది, మధ్యాహ్నానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి, పొద్దున్న కొంటే సాయంత్రానికి బిగుతైపోతాయని. మడమ వెనక పట్టీ ఉన్నవి తీసుకున్నాం.

గంటస్తంభం దగ్గర దాసన్నపేట గారి మాట గుర్తు పెట్టుకుని ఆటోని దుకాణం ముందు దాకా రానిచ్చాను. అమ్మని నడిపించింది చాలా తక్కువ. ఖాదీ చీర చేతిలో పెట్టాను. బొటనవేలితో రుద్దింది, అంచు తిప్పి చూసింది, ధర అడిగింది, మడిచి ఇచ్చేసింది. "బాగుంది. ఈ నూలు వడికినామెకి ఎంతొస్తదో" అంది. నేను కొందామన్నా ఒప్పుకోలేదు. సన్నంచు తెల్ల నూలుచీర ఒకటి, పొలంలో తనకి తోడుండే ఆవిడకి ఇంకొకటి తీసుకుంది. ఆ రెండో చీర సంగతి నా లెక్కలో లేదు.

కాగితం కోసం మూడు దుకాణాలు తిరిగాం. అన్నిచోట్లా ప్లాస్టిక్ నక్షత్రాలే. నాలుగోది పుస్తకాల కొట్టు, ఆయన పై అటక మీంచి దించి ఇచ్చాడు. ఎరుపు, పసుపు గ్లాసు కాగితాలు. ఆకుపచ్చ లేదు. అమ్మకి ఆకుపచ్చే కావాలి, నాన్న చుక్కకి తోక ఆకుపచ్చతో కట్టేవారట. చాలాసేపు ఆ కాగితాలు పట్టుకుని ఆలోచించి, "సర్లే" అంది.

కేకు ఆర్డర్ వదిలేశాం, ఫోన్‌లో చెప్పుకోవచ్చు. ఆ టైమ్‌లో స్టేషన్ వైపు క్వార్టర్స్‌కి వెళ్లాం. వరసలో చివర్నుంచి మూడోది. వేరే కుటుంబం ఉంది. అమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది, లోపలికి వెళ్దామంటే వద్దంది. లోపలున్న అమ్మాయి మమ్మల్ని చూసి బయటికి వచ్చింది. సంగతి చెప్పాను. కుర్చీ వేసి కూర్చోబెట్టింది, బాత్‌రూమ్ చూపించింది, టీ పెట్టింది. అమ్మ చూరు కింద మేకు కోసం వెతికింది. లేదు, పైకప్పు మార్చేశారు. "ఇక్కడుండీది" అని గోడ మీద చెయ్యి పెట్టి చూపించింది. "రాత్రి డ్యూటీ నుంచొచ్చి, చేతులు కడుక్కోకుండానే కట్టీవోడు, ముందు చుక్క, తర్వాతే అన్నం." ఆ అమ్మాయి వింటూ నిలబడింది. వాళ్లు హిందువులు. వచ్చేటప్పుడు అమ్మకి బొట్టు పెట్టబోయి ఆగిపోయి, జామకాయలు రెండు చేతిలో పెట్టింది.

నాలుగున్నరకి కాంప్లెక్స్. బస్సులో నా భుజం మీద తలపెట్టి బొండపల్లి దాకా నిద్రపోయింది.

దాసన్నపేట · డిసెంబర్ 21 · రాత్రి 9:30

చదివాను అమ్మా. మంచి పని చేశారు. ఆకుపచ్చ గ్లాసు కాగితం మా వీధి చివర కొట్టులో ఉంది, ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. రెండు షీట్లు తీసి పెట్టాను. 23న అద్దాల కోసం మీ తమ్ముడు వస్తే నాకు ఇక్కడ మెసేజ్ పెట్టమనండి, కాంప్లెక్స్‌కి తెచ్చి ఇస్తాను.

పొందూరు_నూలు · డిసెంబర్ 21 · రాత్రి 9:55

నూలు వడికినామెకి ఎంతొస్తుందో అని అడిగారు చూడండి, ఆ మాట మా ఇంట్లో చదివి వినిపించాను. మా పిన్ని వడుకుతుంది. అమ్మగారికి నమస్కారం చెప్పమంది.

వెదురు దొరికిందా?

తామరకొలను · డిసెంబర్ 24 · సాయంత్రం 6:20

దొరికింది. మా ఊరి సంతలో తట్టలామె చీల్చి ఇచ్చింది. దాసన్నపేట గారూ, కాగితం తమ్ముడికి అందింది. డబ్బులు తీసుకోలేదట మీరు. మీ నాన్నగారిని ఈ రాత్రి ప్రార్థనలో తలుచుకుంటానని అమ్మ అంది.

బ్యాంకు మేడమ్ నిన్న ఫోన్ చేసి, సర్టిఫికెట్ ఎక్కించామని చెప్పారు.

కట్టింది తమ్ముడి కొడుకు, పన్నెండేళ్లు వాడికి. అమ్మ కొత్త అద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని చెప్పింది, వాడు కట్టాడు. రెండుసార్లు మొన జారిపోయింది. ఎర్ర కాగితం ఒక మూల చిరిగితే మైదా జిగురు అయిపోయిందని అమ్మ అన్నం మెతుకులు నలిపి అతికించింది. ఇప్పుడే చూరుకి కట్టారు. బల్బు ఇంకా వెయ్యలేదు, వీధిలో క్యారల్స్ వాళ్లు వచ్చాక వెయ్యాలట. నాన్న అప్పుడే వేసేవారట.

అమ్మ బయట నిలబడి, ఎడం వైపు తాడు ఇంకో బెత్తెడు దించమంటోంది. నేను వెళ్లి పట్టుకోవాలి.